వారంటీలో ఉన్న వ్యాన్ ఇంజన్ సీజైంది, క్లెయిమ్ కొట్టేశారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: సొంతంగా నడుపుకుని బతుకుదామని అప్పు చేసి కొత్త గూడ్స్ వ్యాన్ కొన్నాను. పగలు నేను నడుపుతాను, రాత్రి దూరం లోడ్లకు మా మేనల్లుడు వెళ్తాడు. ఇంజన్‌కు ఆరేళ్లు లేదా 3 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అదీ అని వారంటీ ఇచ్చారు. నాలుగో ఏట 1,94,000 కిలోమీటర్ల దగ్గర టకటకమని చప్పుడొచ్చి ఇంజన్ పట్టేసింది. షోరూం వర్క్‌షాప్ వాళ్లు ఇంజన్ దించి విప్పారు. లోపల ఆయిల్ బురదలా ఉందని, సమయానికి మార్చకపోవడం వల్లే బేరింగులు పోయాయని రాసి క్లెయిమ్ తిరస్కరించారు. ఆ కాగితం ఇచ్చి 20 నెలలైంది. అప్పటి నుంచీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను, పై ఆఫీసుకు పంపాం, చూస్తాం అంటారు. చివరి రెండుసార్లు ఆయిల్ బయటి మెకానిక్ దగ్గర మార్పించాను, బిల్లులు లేవు. ఇదే మోడల్ వ్యాన్లు ఐదు లక్షలు దాటి తిరుగుతున్నవి నాకు తెలుసు. బండిని కన్నబిడ్డలా చూసుకున్నాను. కిస్తీలు కట్టలేక ఇంట్లో రోజూ గొడవే. ఇప్పుడేమో లేబర్ చార్జీలో సగం తగ్గిస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. తెలిసినాయన పాత తేదీలతో బిల్లులు తెచ్చుకోమని సలహా ఇచ్చాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: విప్పిన ఇంజన్ ముక్కలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఇంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క సంగతీ రాయలేదు. మీ కేసు నిలబడినా పడిపోయినా దాని మీదే.

ఐదు లక్షలు తిరిగిన బళ్ల సంగతి పక్కన పెట్టండి. హైవే మీద ఒకే వేడిలో, ఒకే వేగంతో పోయే ఇంజన్‌కీ, ఆగుతూ కదులుతూ లోడు మోసే ఇంజన్‌కీ అరుగుదల ఒకలా ఉండదు. బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచిన గంటలు మీటరులో కిలోమీటర్లుగా కనపడవు కానీ ఆయిల్‌ను మాత్రం తినేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోయిందా, ఎప్పుడైనా వేడెక్కిందా, ఎంత బరువు మోసింది, వీటన్నిటి మీదా ఇంజన్ ఆయుష్షు ఆధారపడుతుంది. అందుకే పక్కవాడి వ్యాన్ ఐదు లక్షలు నడిచిందంటే మీ ఇంజన్‌లో తయారీ లోపం ఉన్నట్టు రుజువు కాదు. తయారీదారు బాధ్యత వారంటీ షరతుల మేరకే అని సుప్రీంకోర్టు 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో చెప్పింది. అక్కడ మొత్తం కారు మార్చి ఇమ్మన్న ఆదేశం నిలవలేదు. లోపం ఉందని చూపాల్సింది మీరు. కన్నబిడ్డలా చూసుకున్నానన్న మాట అఫిడవిట్‌లో రాయవచ్చు, మీ ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ దాన్ని చదివి పేజీ తిప్పుతుంది.

వాళ్లు రాసిన కారణాన్నే పట్టుకోండి. ఆయిల్ బురదైంది కాబట్టి మీరు మార్చలేదు అన్నారు. బురద ఒక్క కారణంతోనే రాదు. ఆయిల్ కూలర్ లీకై కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ఆయిల్‌లో కలిసినా అదే బురద తయారవుతుంది. ఇంజెక్టర్ కారి డీజిల్ సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగితే ఆయిల్ పలచబడి బేరింగుల మధ్య పొర నిలవదు. ఈ రెండింటిలో ఏది జరిగినా మీ వైపు వాదనకు బలం వస్తుంది, ఎందుకంటే అవి ఆయిల్ మార్చినా మార్చకపోయినా వచ్చే లోపాలు. సంప్ అడుగున మిగిలిన మడ్డిని, ఆయిల్ ఫిల్టర్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తే కూలెంట్ జాడ తెలుస్తుంది, దుమ్ము చేరితే సిలికాన్ ఎక్కువగా కనపడుతుంది. బేరింగులు కూడా మాట్లాడతాయి. ఆయిల్ చెడి పోయిన ఇంజన్‌లో సాధారణంగా అన్ని బేరింగులూ, క్యామ్ షాఫ్ట్ వైపు కూడా, కొంతో గొప్పో దెబ్బతింటాయి. ఒక్క కనెక్టింగ్ రాడ్ బేరింగు కాలిపోయి, మిగతావి శుభ్రంగా ఉండి, సంప్‌లోని స్ట్రైనర్ (ఆయిల్ వడగట్టే జాలీ) మూసుకుపోకుండా ఉంటే వర్క్‌షాప్ వాళ్ల కథ మీద గట్టి అనుమానం వస్తుంది. ఆ రాడ్‌కు ఆయిల్ పోయే దారి మూసుకుందా, బిగింపులో తప్పుందా అని అడగవచ్చు. ఇది తేల్చేది నేనూ కాదు, మీరూ కాదు. ఆటోమొబైల్ ఇంజనీరు చూసి రాయాలి, చూడటానికి ముక్కలు ఉండాలి.

మరో సంగతి. బండి కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఫాల్ట్ కోడ్‌లు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ దీపం ఎప్పుడు వెలిగింది, ఆ తర్వాత ఇంజన్ నడిచిందా అన్నది అందులో దొరికే అవకాశం ఉంది. దీపం వెలిగాక బండి ఆపారో, గమ్యం చేరేదాకా నడిపారో మీరు రాయలేదు. నాకు చెప్పకపోయినా మీ వకీలుకు మాత్రం నిజం చెప్పండి, అవతలి వాళ్ల దగ్గర ఆ రికార్డు ఉండొచ్చు. కొత్త ఇంజన్ బిగించినా, స్కానర్ పెట్టి కోడ్‌లు చెరిపేసినా అదంతా పోవచ్చు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీరు 20 నెలలు ఫోన్లతో గడిపేశారు. ఇది అజాగ్రత్తే, మెత్తగా చెప్పి లాభం లేదు. చూస్తాం, పంపాం అనే మాటలు గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. నోటీసు మీద నోటీసు పంపినా అంతే. గడువు సంగతి ఎవరూ ఎత్తకపోయినా కమిషన్ తనంతట తానే చూడాలని సుప్రీంకోర్టు 2009లో స్టేట్ బ్యాంక్ కేసులో పాత చట్టం కింద స్పష్టం చేసింది. తిరస్కరణ కాగితం తేదీ నుంచి లెక్కిస్తే మీకు నాలుగు నెలలు ఉన్నట్టు. కానీ అవతలి వకీలు ఇంజన్ పట్టేసిన రోజు నుంచి లెక్కించాలంటాడు. ఆ వాదనకు చోటివ్వకుండా, బండి ఆగిన తేదీ జాబ్ కార్డులో (వర్క్‌షాప్ వాళ్లు పని రాసుకునే కాగితంలో) చూసి, అక్కడి నుంచి రెండేళ్లలోపు వేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, దానికి తగిన కారణం చూపాలి. ఫోన్ చేస్తూ కూర్చున్నాననడం కారణం కాదు.

పాత తేదీ బిల్లుల గురించి. వద్దు. ఏ పరిస్థితిలోనూ వద్దు. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే అని 38వ సెక్షన్ చెబుతుంది. అందులో కల్పిత సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. పైగా పట్టుబడటం చాలా తేలిక: బిల్లు నంబర్ల వరుస, జీఎస్టీ లెక్కలు, బిల్లు మీద రాసిన కిలోమీటర్లకూ ఫాస్టాగ్ రికార్డుకూ పొంతన, ఏ ఒక్కటి తేడా వచ్చినా మీరు చెప్పిన నిజాలు కూడా అబద్ధాల కింద జమ. సలహా ఇచ్చినాయన ఆ రోజు మీ పక్కన నిలబడడు, ఆ బిల్లు రాసిచ్చిన మెకానిక్ కూడా మీతోపాటు కేసులో ఇరుక్కుంటాడు.

బిల్లు అడిగి తీసుకోవడం అరనిమిషం పని. వారంటీ బండికి బయట ఆయిల్ పోయిస్తూ ఆ అరనిమిషం కూడా కేటాయించలేదు మీరు. సరే, బిల్లు లేనంత మాత్రాన సాక్ష్యం లేనట్టు కాదు. ఆయిల్ డబ్బా కొన్న రోజు యూపీఐ చెల్లింపు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఆయిల్ మార్చినప్పుడు కిలోమీటర్లు రాసి కట్టిన చీటీ స్టీరింగ్ దగ్గర ఇంకా ఉందేమో చూడండి. మెకానిక్ దగ్గర పద్దుల పుస్తకం ఉంటే ఆ పేజీ, నిజంగా గుర్తున్నంత వరకే రాసిన అతని అఫిడవిట్. మేనల్లుడికి పంపిన వాట్సాప్ ఫొటోలు ఉంటే ఫోన్ మార్చకండి, వాటిని ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి. మీ మాన్యువల్ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోశారా అన్నది కూడా ఇక్కడే తేలాలి. వేరే గ్రేడ్ అయితే దాచకండి.

లేబర్ తగ్గింపు కాగితం మీద సంతకం పెట్టొద్దు. అందులో పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను అనో, పాత భాగాలు పారవేయడానికి అభ్యంతరం లేదు అనో ఒక్క వాక్యం ఉంటే మీ హక్కూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. ఈ సమయంలో వాళ్లు ముందుకొచ్చి తగ్గింపు ఇవ్వడం చూస్తే, ఆ ముక్కలు వదిలించుకోవాలనే తొందర ఉందేమో అని నాకు అనిపిస్తోంది.

వాణిజ్య అవసరానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని వాళ్లు అనడం ఖాయం. దానికి జవాబు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో ఉంది: తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. ఫిర్యాదులో స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నానన్న వాక్యం తప్పక ఉండాలి. బండి పూర్తిగా మేనల్లుడి చేతిలోనే ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు మూడేళ్ల గడువున్న సివిల్ దావా ఆలోచించాలి.

చేయాల్సింది ఇది. ఈ వారమే షోరూంకూ, తయారీ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో ఉత్తరం పంపండి: ఇంజన్ భాగాలు, ఫిల్టర్, ఈసీయూ డేటా యథాతథంగా ఉంచాలి, జాబ్ కార్డు, విప్పినప్పటి ఫొటోలు, సర్వీసు చరిత్ర నకళ్లు ఇవ్వాలి. వెళ్లి ప్రతి ముక్కనూ ఫొటో తీయండి, బేరింగుల వెనకనున్న నంబర్లతో సహా. జవాబు కోసం కూర్చోవద్దు, ఫిర్యాదుకు ముందు నోటీసు తప్పనిసరి కాదు. మీరు నివసించే లేదా పని చేసుకునే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే. షోరూంనీ, తయారీదారునీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఫిర్యాదుతోపాటే రెండు దరఖాస్తులు పెట్టండి: భాగాలు కదపకుండా మధ్యంతర ఉత్తర్వు, 38వ సెక్షన్ కింద నిపుణుడి పరీక్ష. పరీక్ష ఖర్చు ముందు మీరే డిపాజిట్ చేయాలి. కొత్త వ్యాన్, మొత్తం ధర వాపసు అని రాయకండి, వారంటీ కింద ఇంజన్ బాగుచేసి ఇవ్వమనీ, బండి ఆగిన కాలానికి పోయిన ఆదాయమనీ అడగండి. ఆ ఆదాయానికి ట్రిప్పుల రశీదులు, బ్యాంకు లెక్కలు కావాలి.

కిస్తీలు మాత్రం ఆపకండి. ఫైనాన్స్ కంపెనీకి ఇంజన్ గొడవతో సంబంధం లేదు. కట్టలేకపోతే వాళ్లకు రాతపూర్వకంగా గడువు అడగండి, బండి జప్తు అయితే ఇంజన్ కూడా దానితోపాటే మీ చేయి దాటిపోతుంది.