కారం, క్షారం, ఉమ్మెత్త

సందేహం: మా అబ్బాయి చదివే పుస్తకంలో ‘ఉమ్మెత్తలో క్షారాభాలు ఉంటాయి’ అని ఉంది. క్షారం అంటే కారమే కదా! ఉమ్మెత్త చేదుగా ఉంటుంది గానీ కారంగా ఉండదే? సురేకారం, వెలిగారంలో ఉన్నదీ ఈ కారమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: గుంటూరు నుంచి ఇంకే సందేహం వస్తుంది లెండి!

ముందు క్షారం సంగతి. వినాయక చవితి పత్రిలో ఉత్తరేణి ఉంటుంది చూడండి, గింజలు చీర కుచ్చెళ్లకి పట్టుకుని వదలవు, అదే. ఆ మొక్కని ఎండబెట్టి కాల్చి, బూడిదని నీళ్లలో కలిపి, తేటని వడగట్టి మరగకాస్తే అడుగున ఒక పొడి మిగులుతుంది. ఆయుర్వేదంలో అపామార్గ క్షారం అంటారు. వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది, నాలుక మీద పెడితే చుర్రుమంటుంది. ఆ చురుకే మన కారానికీ క్షారానికీ చుట్టరికం. కారం క్షారానికి తద్భవమని కొందరు, కాదు ద్రావిడ ధాతువేనని కొందరు. తమిళంలోనూ ‘కారం’ అంటే ఘాటూ, క్షారమూ రెండూను. కాబట్టి నాకు రెండో మాటను తోసెయ్యబుద్ధి కాదు.

సురేకారం (పొటాషియం నైట్రేట్), వెలిగారం (బొరాక్స్) పేర్లలో ఉన్నది క్షారం అనే అర్థంలోని కారమే. వెలి అంటే తెలుపు. వెలిదామరలో తకారం దకారమైనట్టే ఇక్కడ కకారం గకారమైంది. సురేకారం నిజానికి లవణం, క్షారం కాదు. పాతవాళ్లు అంత తేడా చూడలేదు.

ఇక క్షారాభం, అంటే ఇంగ్లీషులో ఆల్కలాయిడ్. ‘ఆల్కలీ’ అరబ్బీ మాట, అదీ మొక్కల బూడిదే. ఆల్కలీని పోలినది అనే అర్థంలో 1819లో మైస్నర్ అనే జర్మన్ ఫార్మసిస్టు ఈ పేరు పెట్టాడు. క్షారంలాగే ఇవీ ఆమ్లంతో కలిసి లవణాలవుతాయి. ఆ ఇంగ్లీషు పేరునే మనవాళ్లు క్షార + ఆభ (పోలినది) చేశారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపోలమిన్ ఆ జాతివే. పేరు వాటి గుణాన్ని చెబుతోంది, రుచిని కాదు. చేదైనదల్లా ఆల్కలాయిడూ కాదు: వేప చేదు లిమొనాయిడ్లనే వేరే జాతి పదార్థాలది.

అయితే మీ మాట ఒకచోట నెగ్గింది. మిరపకాయ రాకముందు మనకి కారమంటే మిరియమే, మిరప పేరూ దాన్నుంచి వచ్చిందే. ఆ మిరియం ఘాటు పైపరిన్‌ది. అది ఆల్కలాయిడే, క్షార గుణం మాత్రం దాదాపు లేదు!

‘క్షారాభం’ తప్పు కాదు. నేనైతే ఆల్కలాయిడ్ అనే రాస్తాను.