డాల్గోనా కాఫీ పోయింది, అంట్లు మిగిలాయి

2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కాలక్షేపానికి ఏం చేశారు, అప్పుడు మొదలుపెట్టిన హాబీల్లో ఇప్పటికీ ఏమైనా నిలిచాయా అని అడిగారు కదా. నిలిచాయి, కాకపోతే వాటిని హాబీలంటే మా అత్తగారు నవ్వుతారు. సరదా కోసం మొదలుపెట్టినవన్నీ జూన్ కల్లా అటకెక్కాయి. గతిలేక నేర్చుకున్నవి మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తున్నాయి.

మాది హైదరాబాద్, నిజాంపేట వైపు రెండు బెడ్రూముల ఫ్లాటు. నేను, మావారు, అప్పటికి ఏడో క్లాసు చదువుతున్న మా అబ్బాయి. మా అత్తగారు కోనసీమ నుంచి ఉగాదికని నాలుగు రోజుల ముందే వచ్చారు, పండగవగానే వెళ్లిపోదామని రెండే చీరలు తెచ్చుకున్నారు. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ అన్నారు, 24 రాత్రి దేశమంతా 21 రోజులన్నారు, తెల్లారితే ఉగాది. ఇంకెక్కడికి వెళ్తారు ఆవిడ! అది చాలదన్నట్టు అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న మా ఆడపడుచు కొడుకు, హాస్టల్ ఖాళీ చేయమన్నారని బ్యాగు భుజానేసుకుని మా గుమ్మంలో దిగాడు. ఊరికి పోదామనే అనుకున్నాడు గానీ, పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని బయల్దేరిన వాళ్లను కూడా ఆంధ్రా సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారని టీవీలో చూసి ఆ ఆలోచన మానుకున్నాడు. అలా ముగ్గురున్న ఇంట్లో ఐదుగురమయ్యాం.

ఆ ఉగాదికి వేపపువ్వు కూడా కొనలేదు, అపార్ట్‌మెంట్ వెనక గోడ మీదికి వంగిన చెట్టు నుంచి వాచ్‌మన్ కోసి గేటు దగ్గర పెడితే ఫ్లాటుకి గుప్పెడు చొప్పున తీసుకున్నాం.

మొదటి రెండు వారాలు మేమూ అందరిలాగే. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార, వేడినీళ్లు సమానంగా వేసి చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టే ఆ డాల్గోనా కాఫీ మేమూ చేశాం. మా అత్తగారు ఒక గుక్క తాగి, "ఈ నురగంతా తీసేసి అడుగున పాలు ఇవ్వమ్మా" అన్నారు. మావారు గిటారు యాప్ వేసుకున్నారు, గిటారు లేకుండానే. మా అబ్బాయి యూట్యూబ్ చూసి కాగితం కొంగలు చేశాడు. నేను యోగా. వీటిలో ఏదీ ఎందుకు నిలవలేదో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, అవి లేకపోయినా ఎవరి పనీ ఆగదు.

ఆగిపోయింది పనిమనిషి రాకపోవడంతో. అసోసియేషన్ వాళ్లు బయటి వాళ్లెవర్నీ లోపలికి రానివ్వద్దన్నారు. ఆమె జీతం నెలనెలా ఫోన్‌లో పంపించేశాం, అది వేరే సంగతి. ఐదుగురు మనుషులు మూడు పూటలా ఇంట్లోనే తింటే ఎన్ని అంట్లు పడతాయో లాక్‌డౌన్‌కి ముందు మావారికి నిజంగా తెలియదు. "టైమ్ బోలెడు దొరికింది" అని అప్పట్లో వాట్సాప్‌లో తెగ రాసుకున్నారు చూడండి, అది రాసినవాళ్ల ఇంట్లో ఎవరో ఒకావిడ సింకు దగ్గర నిలబడే ఉండి ఉంటుంది. నాకూ ఆఫీసు ఉంది, నాకూ కాల్స్ ఉన్నాయి, కుక్కర్ మూడో విజిల్ వేస్తుంటే మ్యూట్ బటన్ కోసం వెతుక్కున్నది నేనే. ఓ రాత్రి నేను ఏమీ అనకుండా సింకులో గిన్నెలన్నీ అలాగే వదిలేసి పడుకున్నాను. పొద్దున్నే పాలు కాచడానికి గిన్నె లేదు. ఆ రోజు నుంచి రాత్రి అంట్లు మావారివి, పొద్దున్నవి మేనల్లుడివి, వంటిల్లు తుడవడం మా అబ్బాయిది.

మా అత్తగారికి ఇది మింగుడు పడలేదు. "వాడికెందుకమ్మా, నేను తోముతాగా" అని కొడుకు చేతిలో పీచు లాక్కోబోయేవారు. ఆయనేమో "అమ్మా, నువ్వెళ్లి టీవీ చూసుకో" అనేవారు. షూటింగులు ఆగిపోయి ఆవిడ సీరియళ్లన్నీ పాత ఎపిసోడ్లే వేస్తున్నారు. మార్చి 28 నుంచి దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ మొదలుపెట్టింది కదా, పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. ఆవిడకి హిందీ ముక్క రాదు. అయినా ఒక్క డైలాగుకి కూడా మమ్మల్ని అర్థం అడగలేదు సరికదా, రాబోయేదేంటో మా అబ్బాయికి ఆవిడే ముందుగా చెప్పేసేవారు, వాడు "మామ్మా, చెప్పకు" అని చెవులు మూసుకునేవాడు. అలా రాత్రి తొమ్మిదింటికి ఆవిడ టీవీ ముందు, ఈయన సింకు ముందు స్థిరపడిపోయారు. ఈయన ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పనిమనిషి తిరిగొచ్చాక కూడా రాత్రి గిన్నెలు ఉంచడం ఆయనకే నచ్చట్లేదు, చెవిలో ఏదో పాడ్‌కాస్ట్ పెట్టుకుని తోముకుంటారు.

ఇక ఆటలు. కుర్రాళ్లిద్దరూ మొదట ఫోన్లో లూడో ఆడేవారు. ఇంట్లో అందరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉంటే నెట్ నత్తలా నడిచేది, ఆట మధ్యలో తెగిపోయేది, ఇద్దరూ కొట్టుకునేవారు. అప్పుడు మా అత్తగారు చాక్‌పీస్ అడిగి హాల్లో నేల మీద ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్లు గీశారు. నాలుగు వైపులా మధ్య గడికి, నట్టనడి గడికి ఇంటూ గుర్తులు. గవ్వలు లేవు కాబట్టి చింతపిక్కలు నాలుగు తీసి, ఒక పక్క తెల్లగా తేలేదాకా బాల్కనీ గచ్చు మీద అరగదీయించారు, ఆ అరగదీసే పనితోనే పిల్లలకి ఒక పూట గడిచింది. అష్టాచెమ్మా నాకూ చిన్నప్పుడు వచ్చు గానీ ఆవిడ ఆడితే తెలిసింది అసలు ఆట. నాలుగు పడితే చెమ్మా, ఎనిమిది పడితే అష్టా, ఏది పడినా మళ్లీ వేయాలి. ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపకుండా లోపలి వరసలోకి వెళ్లడానికి లేదు. మా మేనల్లుడు పోటీ పరీక్షలకి చదువుతున్నవాడు, నాలుగు పిక్కల్లో ఎన్ని వెల్లకిలా పడే అవకాశం ఎంత అని కాగితం మీద లెక్కలేసి మరీ ఆడేవాడు. ఆవిడ లెక్కా పత్రం లేకుండా వాడి కాయల్ని వరసపెట్టి ఇంటికి పంపేవారు. "మీ అమ్మమ్మ పిక్కలు విసరట్లేదురా, పడేస్తోంది" అని మావారి ఫిర్యాదు. నిజమే అనుకుంటా, ఆవిడ చెయ్యి కిందికి వంచి దగ్గర్నుంచి జారవిడిచేవారు. ఎన్నిసార్లు చూసినా పట్టుకోలేకపోయాం.

ఇన్ని కబుర్లు చెప్తున్నానని ఆ రోజులు ఉల్లాసంగా గడిచాయనుకోకండి. పాల ప్యాకెట్లు సబ్బునీళ్లతో కడిగేవాళ్లం, కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెట్టేవాళ్లం, ఎవరికి తుమ్మొచ్చినా టెన్షన్. మావారి బాబాయి ఏప్రిల్లో గుండెపోటుతో పోతే కర్మ అంతా వీడియో కాల్లో చూశాం, మా అత్తగారు ఫోన్ స్క్రీన్‌కి దండం పెట్టారు. మేడ్చల్ రోడ్డు మీద పిల్లల్ని భుజాన వేసుకుని నాగపూర్ వైపు నడిచిపోతున్న కూలీలను వార్తల్లో చూసిన రోజు ఎవరికీ అన్నం సహించలేదు. కాలక్షేపం ఎలా అని దిగులు పడగలిగామంటే మా కడుపు నిండే ఉందన్నమాట.

ఏప్రిల్ చివరికి ఆవకాయ గొడవ మొదలైంది. ఏటా మాకు పచ్చడి ఊరి నుంచి డబ్బాల్లో వచ్చేది. ఈసారి పెట్టే మనిషే ఇక్కడుంది, రవాణా లేదు, "ఆవకాయ లేకుండా సంవత్సరం ఎలా గడుస్తుందమ్మాయ్" అని ఆవిడ బెంగ. కాలనీకి వచ్చే మొబైల్ రైతుబజార్ వ్యాన్‌లో కాయలు దొరికాయి, పుల్లగా, గట్టిగా బాగానే ఉన్నాయి. ఏ రకమో అమ్మేవాడికి తెలియదు, కొత్తపల్లి కొబ్బరి కాదని మాత్రం ఆవిడ తేల్చేశారు. పచ్చళ్ల కారం, నువ్వుల నూనె కిరాణా కొట్లో ఉన్నాయి. లేనిదల్లా కాయలు కొట్టేవాళ్లు. మామూలుగా మార్కెట్లోనే కిలోకి ఇంతని తీసుకుని ముక్కలు కొట్టిస్తారు, మన ఇంటి చాకుకి టెంక లొంగదు. చివరికి నాలుగో అంతస్తులో కరీంనగర్ ఆవిడ దగ్గర కాయలు కొట్టే కత్తిపీట ఉందని తెలిసింది. మెట్ల మీద పెట్టి పైకి వెళ్లిపోయారు, మేం తెచ్చి సబ్బుతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు ముట్టుకున్నాం.

కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, డాబా మీద నీడపట్టున కూర్చుని మేనల్లుడు కొట్టాడు. "దెబ్బ ఒక్కటే పడాలిరా, రెండోసారి కొడితే టెంక ఊడిపోద్ది" అని ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. మా అబ్బాయి జీడి తీసి, టెంక లోపల అంటుకునుండే కాగితం లాంటి పొర గోటితో గీకాడు. టెంక లేని ముక్క మెత్తబడిపోతుంది, అది వేరే గిన్నెలోకి, పప్పులోకి. ఆవాలు ఎండబెట్టి మిక్సీలో నేను వేశాను. ఒక్కసారిగా తిప్పితే వేడెక్కి చేదొస్తుంది, ఆపి ఆపి తిప్పాలి. గల్లుప్పు కూడా ఎండబెట్టి కొట్టుకోవాలి. కొలత ఆవిడది చాలా సులువు. ముక్కలు ఆరు గ్లాసులైతే ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ఒకటికి కాస్త వెలితిగా, గుప్పెడు మెంతులు, ఇష్టమైతే వెల్లుల్లి. ముక్కని ముందు నూనెలో ముంచి, తర్వాత పిండిలో పొర్లించి జాడీలో వేయాలి, పైన ఇంకాస్త నూనె. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి. మూడో రోజు మూత తీసేసరికి నూనె పైకి తేలి ఎర్రగా ఉంది, ఆ ఘాటుకి వంటింట్లో అందరికీ ఒకటే తుమ్ములు. ఆ నెలలో తుమ్మొస్తే భయపడనిది ఆ ఒక్క పూటే.

కత్తిపీట తిరిగిచ్చేటప్పుడు గిన్నెడు ఆవకాయ పెట్టాం. వారంలో ఆ గిన్నె వాళ్ల తొక్కుతో తిరిగొచ్చింది, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, పోపు పెట్టి. మా అత్తగారు "పోపేంటమ్మా ఆవకాయకి" అంటూనే రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. ఇప్పుడు ఏటా మే నెలలో మా రెండిళ్ల కాయలూ ఒకేరోజు కొడతాం. మేనల్లుడు ఉద్యోగం వచ్చి బెంగళూరులో ఉన్నాడు, అక్కడ రూములో కూడా పెడతాడు. "అత్తా, ఉప్పు వెలితి అంటే ఎంత వెలితి" అని ఏటా ఫోన్ చేస్తాడు, నేను ఫోన్ వాళ్ల అమ్మమ్మకి కలుపుతాను.

క్షవరం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. మే మూడో వారం దాకా సెలూన్లు తెరవలేదు. ట్రిమ్మర్ తెప్పించి తండ్రికి కొడుకు, కొడుక్కి తండ్రి చేసుకున్నారు. మొదటిసారి ఇద్దరూ టోపీలు పెట్టుకుని వీడియో కాల్స్ మాట్లాడారు, తర్వాత చెయ్యి తిరిగింది. మావాడు ఇప్పుడు సెలూన్‌కే వెళ్తాడు, వయసు అలాంటిది. మావారు మాత్రం వెళ్లరు.

మొక్కల గురించి కూడా అడిగారు. దీంట్లో సరదా పాలు ఎక్కువ, అందుకేనేమో సగమే మిగిలింది. విత్తనాల షాపుకి వెళ్లే వీల్లేక వంటింట్లో ఉన్నవాటితోనే మొదలుపెట్టాం. ధనియాలు నలిపి జల్లితే మొలిచాయి గానీ హైదరాబాద్ మే నెల ఎండకి జానెడు కూడా ఎదక్కుండా పువ్వొచ్చేసింది. మెంతికూర ఒక్క కోతకి వచ్చింది. కొనుక్కున్న పుదీనా కట్టలోంచి ముదురు కాడలు నీళ్లలో పెట్టి, వేళ్లొచ్చాక పాత పెయింట్ బకెట్లో నాటితే బకెట్ నిండిపోయింది, రెండేళ్లు కోసుకున్నాం. బచ్చలి కాడ గుచ్చితే చాలు, బాల్కనీ గ్రిల్లంతా పాకి కింది ఫ్లాటు వాళ్లు అడిగేదాకా వచ్చింది, ఇప్పటికీ ఉంది. కాబట్టి మీరు ఎండాకాలంలో మొదలుపెట్టేట్టయితే కొత్తిమీర జోలికి పోకండి, బచ్చలి పెట్టండి, బకెట్ అడుగున బొక్కలు మాత్రం కాస్త పెద్దవే పెట్టుకోండి.