మొక్కలు కొనే ముందు కంచె వేయి

చిరంజీవి మేనల్లుడికి,

పెన్సిల్వేనియాలో పన్నెండెకరాల అడవి కొన్నావనీ, ఓక్ చెట్లన్నీ ముసలివి కాబట్టి వచ్చే వసంతంలో రెండు వందల మొక్కలు నాటిస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంకా డబ్బు కట్టకపోతే ఆగు. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ అరవై నాటాను. సంక్రాంతి నాటికి ఒక్కదానికీ తల లేదు.

ముందు పెద్ద ఓక్ కింద మోకాళ్ల మీద కూర్చుని ఎండుటాకులు పక్కకు తొయ్యి. జానెడెత్తు మొక్కలు కనిపిస్తే నిరుటి కాయల మొలకలనుకుంటావు. మొదలు పట్టుకుని చూడు. చిటికెన వేలంత లావుంటే, గణుపులు గణుపులుగా ఉంటే, దానికి చాలా ఏళ్లున్నట్టే. ఏటా చలికాలంలో జింక కొరుకుతుంది, వసంతంలో వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఓక్ ముందు వేరు దించుకుంటుంది, ఎత్తు సంగతి తర్వాత చూసుకుంటుంది.

కొరికిన చోటు కూడా చూడు. కుందేలు పని అయితే చాకుతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. జింక కొరికితే పీచు లేచి చిరిగి ఉంటుంది, దానికి పై దవడలో ముందుపళ్లుండవు మరి. మేకకూ అంతే. మీ తాతగారు మామిడి మొక్క నాటిన రోజే చుట్టూ ముళ్లకంప కట్టేవారు. అది చూస్తూ పెరిగినవాణ్ణి, ఇక్కడ ఆ సంగతే మరిచిపోయాను!

అందుకని ఈ ఏడాది ఒక్క మొక్కా కొనకు. అయిదడుగుల ఎత్తు తీగ వల తెచ్చి, చిన్న మొక్కలున్న చోట నాలుగైదు గుండ్రటి దడులు కట్టు. అంత ఇరుకులోకి దూకడానికి జింక జంకుతుంది. పెద్ద చోటుకు కంచె వేయాలంటే మాత్రం ఎనిమిది అడుగులుండాల్సిందే. రెండేళ్లు లోపలా బయటా పోల్చి చూడు. లోపలి మొక్కలు ఎదిగితే, నీకు కావలసింది కొత్త మొక్కలు కాదు, కాపలా.

లోపలివీ ఎదగకపోతే బహుశా వెలుతురు చాలడం లేదన్నమాట. మోకాలెత్తున పరుచుకున్న ఫెర్న్ అనే పూలు పూయని ఆకుమొక్కను చూసి ముచ్చటపడకు. జింకలు దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టే అంత పెరిగింది, ఇప్పుడు దాని నీడే ఓక్ మొలకను చంపుతోంది. తలుపు తట్టి కలప కొంటామనేవాళ్లకు పెద్ద ఓక్‌లు అప్పుడే అమ్మకు. కింద మొక్కలు సిద్ధంగా లేకుండా వాటిని కొట్టిస్తే ఆ చోటును మేపుల్, బర్చ్ చెట్లు ఆక్రమిస్తాయి. రాష్ట్ర అటవీ శాఖలో మీ కౌంటీని చూసే ఫారెస్టర్‌ను ముందు పిలిచి అడవంతా తిప్పు.

మీ అత్తకు నచ్చని మాట ఒకటుంది. జింకలను తినే తోడేళ్లు, ప్యూమాలు (కొండ సింహాలు) ఇక్కడ ఎప్పుడో అంతరించాయి. జింకలూ దాదాపు అయిపోతే 1906 నుంచి బయటి రాష్ట్రాలవి తెచ్చి వదిలారు. ఇప్పుడు వాటిని అదుపులో పెట్టేది ప్రధానంగా వేటగాడే. కొమ్ముల కోసం వచ్చేవాడు కాదు, ఆడ జింకలను తగ్గించేవాడు కావాలి. అలాంటివాడికి నీ అడవిలో వేటాడే అనుమతి నోటిమాటగా కాక, కాగితం మీద రాసివ్వు.

అక్టోబరులో వస్తాను, వల నేను తెస్తాను. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకో. ఇంటికి వెళ్లగానే మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూసుకో.

ఆశీస్సులతో,
మీ మావయ్య