చిన్నా, నొప్పి పోయినాక నా మాట మర్చిపోవద్దు

చిన్నా,

మీయమ్మ ఫోన్ చేసి చెప్పింది, వచ్చే నెల నీకు తుంటి మార్పిడంట. తొడ గుండుకి రక్తం అందక ఎముక చచ్చిపోయిందంట కదా. 38 ఏళ్లకే ఇదేం ఖర్మరా అని రాత్రంతా నిద్ర పట్టలా. మళ్ళీ ఇన్నాళ్లూ నొప్పి మాత్రలు మింగుతా కుంటుకుంటా డ్యూటీకి పోయినోడు ఇప్పటికైనా ధైర్యం చేసినాడే అని గర్వంగానూ ఉంది.

తిరుపతి బర్డ్ ఆస్పత్రిలోనే కదా, మీయమ్మకు తిరగడానికి సులువు. ముందు పళ్ళు చూపించుకో, షుగర్ చూపించుకో, సిగరెట్టు మానెయ్. (మీయమ్మకు తెలీదనుకుంటాండావు, తెలుసు.)

నీకూ నా మాదిరే సిమెంట్ లేని రకమంట. మీ తాత బెంగళూరా మామిడి తోటలో అంటు కట్టేది గుర్తుందా, కట్టు బిగించి ఎవురూ ముట్టుకోవద్దని అరిచేవాడే, కదిలిస్తే అతకదని. ఇదీ అంతే. టైటానియం కాడని తొడ ఎముకలోకి బిగించి కొడతారు, దాని గరుకు మీదికి మన ఎముకే పెరిగి పట్టుకోవాల, 6 నుంచి 12 వారాలు పడుతుంది. అందాకా డాక్టరు చెప్పకుండా వాకర్ వదలొద్దు, పీట మీద కూర్చోవద్దు, నేల టాయిలెట్ ఊసెత్తొద్దు. తొడలో సలుపు కొందరికి ఉంటుంది, చాలామందికి ఏడాది రెండేళ్లలో పోతుంది, నాకూ పోయింది.

నా భయం ఇది కాదు. నువ్వు బాగయిపోతావే, దాని గురించి నా భయం.

నాకు 2006లో చేసినారు. రెండేళ్లు బుద్ధిగా చెకప్‌కి పోయినా, మూడో ఏడు మామిడి కోతలని పోలా, నాలుగో ఏడు మీ అక్క పెళ్ళి, ఆ తర్వాత నొప్పే లేదు కదా బస్సు చార్జీలు దండగ అనుకుని ఎక్స్‌రే కవర్ బీరువాలో చీరల కింద పడేసినా. 2015లో మోకాలికని పోతే డాక్టరు తుంటి కూడా తీయించి, ఫిల్మ్ కిటికీకి అడ్డం పెట్టి పెన్నుతో చూపించినాడు. తుంటి గుంతలో బిగించిన కప్పు నడిమధ్య ఉండాల్సిన గుండు పైకి జరిగి కూర్చోనుండాది, కప్పు వెనక ఎముకలో నల్ల మచ్చ, చెద తిన్న దూలం మాదిరి. కప్పులోని ప్లాస్టిక్ అరిగి ఆ పొడికి ఎముక కరిగిపోతాందంట. నాకేమో చుక్క నొప్పి లేదు! కప్పూ కాడా కదల్లేదు కాబట్టి లోపలి ప్లాస్టిక్ లైనరొక్కటి మార్చి సరిపెట్టినారు, ఇంకా ఆలస్యమైతే కప్పే ఊడేదన్నాడు. ఆ పొద్దు మీ పెదనాన్న ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని నన్ను ఒక్క మాట అనలా. తిట్టుంటే బాగుండు.

ఇప్పటి ప్లాస్టిక్ శానా తక్కువ అరుగుతుందిలే, పదేళ్లకు కూడా నూటికి 90 మందికి పైగా అదే జాయింట్‌తో నడస్తాండారు. అయినా నీకు ముందు నలభై ఏళ్లుండాయిరా ఎదవా. డాక్టరు రమ్మన్న ఏటికల్లా పో. గజ్జలో కొత్తగా నొప్పొస్తే ఆ వారమే పో.

అలిపిరి నుంచి నడిచొస్తానని మొక్కుకున్నావంట, 3,550 మెట్లు! స్వామి యాడికీ పోడు. డాక్టరు సరేనన్నాకే, అప్పుడు నువ్వు నడువు, నేను బస్సులో పైకొచ్చి కూర్చోనుంటా.

కమోడ్ మీద పెట్టుకునే ఎత్తు సీటు అటక మీద నుంచి దించి కడిగి ఎండలో పెట్టినా. మీ అన్న ఆదివారం తిరుపతి వస్తాండాడు, తెస్తాడు. సిగ్గుపడి బయటే పెట్టేవు, బాత్రూంలో పెట్టుకో.

మీ పెద్దమ్మ