గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

తల్లీ,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. "రెండు నెలలుగా డబ్బు పంపలేదు, అయినా ఈ ఆదివారం పాపను వాళ్ల నాన్న దగ్గరికి పంపాలా పెద్దమ్మా?" అని అడిగావు. పంపాలి. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత చెప్తాను.

పిల్ల ఖర్చులకిచ్చే డబ్బు వేరు, పిల్లను చూపించడం వేరు. చాలా దేశాల్లో కోర్టులు ఈ రెండింటినీ ముడిపెట్టనివ్వవు. అతను డబ్బు ఎగ్గొడితే వసూలు కోసం పిటిషన్ వెయ్యి, ఆలస్యం చెయ్యకు. కానీ ఆ కోపంతో పాపను ఆపేశావనుకో, ఇప్పటిదాకా తప్పు అతనొక్కడిదే, ఆదివారం నుంచి నీదీ అవుతుంది. నువ్వు చూపించట్లేదని అతను డబ్బు ఆపడానికీ లేదు, అదీ అంతే. కౌన్సెలింగ్ గదిలో ఇరవై ఏళ్లు కూర్చున్నదాన్ని. న్యాయం తమవైపే ఉన్నా ఈ ఒక్క తొందరపాటుతో జడ్జి ముందు తల దించుకున్న తల్లుల్ని, తండ్రుల్ని చాలామందిని చూశాను.

"కస్టడీ నాకే వచ్చింది, ఇంక అతనికి హక్కేమిటి" అని కూడా రాశావు. కస్టడీ అంటే పాప ఎవరింట్లో ఉంటుంది, రోజువారీ ఆలనాపాలనా ఎవరు చూస్తారు అన్నంతవరకే. అది నీకు వచ్చినంత మాత్రాన అతను తండ్రి కాకుండా పోడు. చదువు, ఆపరేషన్ లాంటి పెద్ద నిర్ణయాల్లో అతని మాట ఎంతవరకు చెల్లుతుందో అది మళ్లీ వేరే సంగతి, మీ లాయర్ని విడిగా అడుగు. పాపను కలుసుకోవడానికి ఇచ్చేది విజిటేషన్. నిజానికి అది నీదా అతనిదా అని కొట్లాడుకోవాల్సింది కాదమ్మా. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో తొమ్మిదో అధికరణం చూడు. తల్లికో తండ్రికో దూరమైన బిడ్డకు, ఇద్దరితోనూ క్రమం తప్పకుండా నేరుగా కలుస్తూ ఉండే హక్కు ఉందని అంటుంది. బిడ్డ మేలుకు అది విరుద్ధమైతే తప్ప. అక్కడ హక్కు బిడ్డదిగానే రాశారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2014 చట్టం వచ్చాక బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, ఎవరితో ఎప్పుడు గడపాలి అన్నవి రెండూ ఒకే ఉత్తర్వులో రాస్తున్నారు. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు అన్న ధ్వని లేకుండా. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

ఇక నీ అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాను. నువ్వు పంపిన తాత్కాలిక ఉత్తర్వు కాపీలో "ఉభయుల వీలును బట్టి, తగినంత సమయం" అని ఉంది. మీ గొడవలన్నీ ఆ ఒక్క వాక్యంలోంచే పుడుతున్నాయి. ఒకరితో ఒకరు మామూలుగా మాట్లాడుకోగలిగే వాళ్లకు అలాంటి వాక్యం చాలు. మీ ఇద్దరికీ చాలదు. ఎవరి వీలు? ఎంత తగినంత? ప్రతి వారం కొత్తగా బేరమాడాలి, ప్రతి బేరమూ పాప వినేటట్టే జరుగుతుంది. ఇప్పుడు రాజీ షరతులు రాసుకుంటున్నారన్నావు కాబట్టి మీ లాయర్‌తో గట్టిగా చెప్పు, అన్నీ విప్పి రాయమని. ఏ వారం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా. ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు తెచ్చి దింపాలి. అతను ఆలస్యమైతే ఎంతసేపు చూడాలి, అరగంటా, ముప్పావుగంటా, అంకె వేసి రాయాలి. పాపకు జ్వరమొస్తే ఆ రోజుకు బదులు ఏ రోజు. పండగ సెలవులు ఒక ఏడు నీకు, మరో ఏడు అతనికి. వేసవి సెలవుల్లో ఎన్ని రాత్రులు. పుట్టినరోజు ఎవరి దగ్గర. స్కూలు రిపోర్టులు అతనికీ చేరతాయా లేదా. పాపను వేరే దేశం తీసుకెళ్లాలంటే ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలని, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో కూడా. ఇంత చాదస్తం ఎందుకని లాయరే విసుక్కోవచ్చు. విసుక్కోనీ. కాగితం మీద ఎంత వివరంగా ఉంటే, గుమ్మం దగ్గర మీరిద్దరూ అంత తక్కువ మాట్లాడుకోవచ్చు.

ఫోన్ సంగతి మర్చిపోకు. 2020లో భారత సుప్రీంకోర్టు ఒక తీర్పులో, కస్టడీ లేని తల్లో తండ్రో రోజూ అయిదు నుంచి పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలంది. వీడియో కాల్‌కి ఒక టైమ్ పెట్టుకోండి. ఆ టైమ్‌లో నువ్వు వేరే గదిలో ఉండు. పక్కన కూర్చుంటే పాప నీ ముఖం చూసి మాట్లాడుతుంది.

ఇదంతా రాస్తున్నాను గానీ, నేను నేర్చుకున్నది చట్టం పుస్తకాల్లోంచి కాదు. నీకు ఇంతవరకు చెప్పలేదు. మీ అన్నయ్యకు ఏడేళ్లప్పుడు ప్రతి రెండో ఆదివారం వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లేవాడు. నేను ఆపలేదు, ఒక్క మాటా అనలేదు. అందుకే నేనేదో గొప్పగా చేస్తున్నాననుకునేదాన్ని. ఒక సాయంత్రం చెత్త బుట్ట బయట పెడదామని వాడు వచ్చే టైమ్ కంటే కాస్త ముందే తలుపు తీశాను. వాడు మెట్ల మలుపులో నిలబడి చొక్కా మార్చుకుంటున్నాడు. వాళ్ల నాన్న కొనిచ్చిన కొత్త నీలం చొక్కా విప్పి, ఉండ చుట్టి సంచీ అడుగున కుక్కి, పొద్దున నేను తొడిగి పంపిన పాతది వేసుకుంటున్నాడు. తొందరలో గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికినట్టు బిగుసుకుపోయాడు. "నీకు కోపం వస్తుందని" అన్నాడు.

నేనేమీ అనలేదు, నిజమే. కానీ వాడు వెళ్లేటప్పుడు ముడుచుకునే నా ముఖం, తిరిగొచ్చాక సంచీ తెరిచి ఒక్కొక్కటే తీసి చూసే నా చేతులు, "అక్కడ ఎవరెవరున్నారు?" అని మామూలుగా అడిగినట్టు అడిగే నా గొంతు, వాడికి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఎన్ని ఆదివారాలు ఆ మెట్ల మీద చొక్కా మార్చుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.

అందుకే చెప్తున్నాను, అప్పగించే ఆ రెండు నిమిషాలు జాగ్రత్త. బ్యాగు ముందు రోజు రాత్రే పాపతో కలిసి సర్దు. మందులేమైనా ఉంటే చీటీ రాసి పైజేబులో పెట్టు. డబ్బు మాట, కేసు మాట గుమ్మం దగ్గర వద్దు, మెసేజ్‌లో రాయి, అది రికార్డుగానూ ఉంటుంది. "హాయిగా ఆడుకుని రా" అని చెప్పి పంపు. తిరిగొచ్చాక అక్కడి సంగతులు తవ్వకు. తనంతట తాను చెబితే విను, కొత్త బొమ్మ చూపిస్తే బాగుందను. ఇంటికి రాగానే కాసేపు చిరాకుపడుతుంది, ఏడుస్తుంది కూడా. అక్కడ ఏదో జరిగిందని వెంటనే నిర్ణయానికి రాకు. ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి రావడమే చిన్నపిల్లకు కష్టం. ఇదివరకు నీ దగ్గర్నుంచి వెళ్లేటప్పుడూ ఏడ్చిందిగా.

అలాగని అన్నీ ఓర్చుకోమని చెప్పట్లేదు. అతను తాగి బండి నడుపుతూ వచ్చినా, పాప ఒంటి మీద దెబ్బ కనిపించినా, పాప మాటల్లో భయం పట్టుకున్నట్టు తెలిసినా ఆ పూట పంపకు. అవసరమైతే పోలీసులకు ఫోన్ చెయ్యి. గాయం ఉంటే డాక్టర్‌కి చూపించి కాగితం తీసుకో. కానీ ఆ రోజే లాయర్‌కి చెప్పు, వీలైనంత త్వరగా జడ్జి ముందుకు వెళ్లు. నీ అంతట నువ్వే నెలల తరబడి ఆపి కూర్చుంటే, నిజంగా కారణం ఉన్నా కక్షలాగే కనిపిస్తుంది. కోర్టుకు వెళ్తే మూడో మనిషి సమక్షంలోనే కలవాలనో, రాత్రులు ఉంచుకోకూడదనో, కొంతకాలం అసలే వద్దనో చెప్పగలదు.

పాప ఎదిగాక "నేను వెళ్లను" అంటే ఏం చెయ్యాలన్నావు. ఎందుకో నిదానంగా అడుగు. స్నేహితురాలి పుట్టినరోజు ఆ రోజే పడి ఉండొచ్చు, అక్కడ విసుగ్గా ఉండొచ్చు, నువ్వు ఒంటరిగా ఉంటావన్న బెంగ కూడా కావచ్చు. చివరిదైతే దాన్ని పోగొట్టాల్సింది నువ్వే. వయసు పెరిగేకొద్దీ పిల్లల మాటకు కోర్టులూ విలువిస్తాయి. ఏ ఏర్పాటూ శాశ్వతం కాదు. కస్టడీ ఉత్తర్వులను బిడ్డ అవసరాన్ని బట్టి ఎప్పుడైనా మార్చుకోవచ్చని భారత సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. నాలుగేళ్ల పిల్లకు రాసుకున్న షరతులు పన్నెండేళ్ల పిల్లకు సరిపోవు. ఇప్పుడే అన్నీ తేలిపోవాలన్న టెన్షన్ పెట్టుకోకు.

ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఏ తేదీన ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి దింపాడు, రాకపోతే ఏం చెప్పాడు, అంతే రాయి. తిట్లు, అనుమానాలు రాయకు. రేపు జడ్జి చదవాల్సి వచ్చినా, ఇరవై ఏళ్లకు పాపే చదివినా నీకు సిగ్గు అనిపించకూడదు.

షరతుల ముసాయిదా తయారుకాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా చదివి ఫోన్ చేస్తాను. ఆదివారం పాప వెళ్లాక ఇంట్లో ఒక్కదానివే కూర్చోకు, ఇటు వచ్చెయ్. దాన్ని దింపే టైమ్‌కి ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ పెద్దమ్మ