విజిల్ పడ్డాక కూడా

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన కబడ్డీ ఫొటోలు చూశాను. అన్నింట్లోనూ పట్టు అయిపోయాక లేచిన దుమ్మే ఉంది. కంటికి కనబడి వేలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు పోతుందిరా. ఆపాటికి కూతకెళ్లినవాడు నేలమీదుంటాడు. సెకనుకి 20 ఫ్రేములు లాగే కెమెరా చేతిలో ఉన్నా, ఆలస్యంగా నొక్కితే ఆలస్యమైన ఫొటోలే 20 వస్తాయి.

కూతగాడి మొహం చూస్తూ కూర్చోకు. మూలన కాపుకాసే డిఫెండర్, అదే కార్నర్, మీద కన్నెయ్యి. పక్కవాడి చెయ్యి పట్టుకున్న వేళ్లు ముందు వదులవుతాయి, వెంటనే మోకాలు వంగి మడమ లేస్తుంది. నొక్కడం అక్కడ మొదలెట్టు. లోపలున్న డిఫెండర్ల తలలు కూడా లెక్కపెట్టు. ఆరుగురైనా లేకపోతే బోనస్ గీత దాటినా అదనపు పాయింటు లేదు, ఆ గీత దగ్గర కాలు చాపుతాడని ఎదురుచూడటం దండగ. రెండు కూతలు ఉత్తవి పోయాయా, మూడోది చావోరేవో, పాయింటు తేకపోతే కూతగాడు అవుటే. ఆ 30 సెకన్లూ కన్ను తీయకు. షట్టర్ వేగం సెకనులో 1/1000కి తగ్గనీకు, లైట్లు చాలకపోతే ఐఎస్ఓ, అంటే వెలుతురు పట్టే సెట్టింగు, పెంచుకో. ఫొటోలో గింజలు కనబడితే కనబడనీ.

అలాగని అన్నీ ముందే ఊహించేసుకుని కూర్చున్నా చిక్కే. ఓ సంక్రాంతి పోటీల్లో మడమ పట్టు కావాలని డిఫెండర్ల వెనకాలే పాతుకుపోయాను. ఓ కుర్రాడు నలుగుర్ని ఈడ్చుకుంటూ మధ్యగీత దాకా పాకాడు. మొహం అటువైపు. నాకు దక్కినవి నాలుగు వీపులు, రెండు అరికాళ్లు. అవతలి చివర కూర్చునుంటే ఆ మొహం నాదే. అప్పట్నుంచి సగం ఆట కాగానే చోటు మారుస్తున్నాను.

మా హాల్లో ఉన్న ఫొటో నీకు తెలుసుగా, పట్టినవాడే కిందపడ్డవాడి కంట్లో దుమ్ము జెర్సీ అంచుతో తుడుస్తున్నది? దాన్ని నేను ఊహించలేదు. విజిల్ పడింది, పక్కనున్న ఫొటోగ్రాఫర్లందరూ తలలొంచి తాము తీసినవి చూసుకుంటున్నారు. నా కెమెరా ఇంకా కంటి దగ్గరే ఉంది. అంతే, నా గొప్పేమీ లేదు.

నీకూ ఆ తలొంచే జబ్బుంది, నేను చూశాను. ఆదివారం మ్యాచ్‌కి వెనక స్క్రీన్ మీద అట్టముక్క అతికించుకుని వెళ్లు. తీసినవన్నీ పంపు, చెత్తవి ఏరిపారెయ్యకుండా.

మీ పెదనాన్న