విల్ తర్వాత ఖాళీ ఉంది, వాడుకో

తమ్ముడూ,

పలాస నుంచి నువ్వు పంపిన ఇంగ్లిష్ వ్యాసం చదివాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో జీడి తోటలు ఏమయ్యాయో నువ్వు చూసి రాసిన తీరు నాకు బాగా నచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. విల్, కెన్, కుడ్, షుడ్, మస్ట్ వచ్చిన ప్రతిచోటా నీ అడ్వెర్బ్, అంటే ప్రాబబ్లీ లాంటి క్రియావిశేషణం, వాక్యం మొదటికో చివరికో పారిపోతోంది. "ది ట్రీస్ విల్ రికవర్ ప్రాబబ్లీ" అన్నావు. "ది ట్రీస్ విల్ ప్రాబబ్లీ రికవర్" అను. విల్ అయిన వెంటనే, అసలు క్రియకు ముందు. ఇలాంటి మాటలకి ఇంగ్లిష్‌లో మామూలు చోటు అదే.

మన వైపు పిల్లలు చాలామంది ఇలాగే రాస్తారు. తెలుగులో "కోలుకోవచ్చు", "చూడాలి" అన్నప్పుడు ఆ "వచ్చు", "ఆలి" క్రియకే అతుక్కుని ఉంటాయి, నడుమ ఇంకో మాటకి చోటుండదు, అందుకని ఇంగ్లిష్‌లో ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ మన కంటికి ఆనదు. పైగా విల్ లాంటి హెల్పింగ్ వెర్బ్‌నీ మెయిన్ వెర్బ్‌నీ (అసలు క్రియని) విడదీయకూడదని ఎక్కడో విని భయపడేవాళ్ళూ ఉన్నారు. అలాంటి రూల్ లేదు. ఆ భయానికి ఆధారం లేదని ఫౌలర్ అనే ఇంగ్లిష్ భాషా పండితుడు తన ఇంగ్లిష్ వాడుక నిఘంటువులో 1926లోనే రాశాడు.

అమెరికా అధ్యక్షుడి ప్రమాణం సంగతే చూడు. రాజ్యాంగంలో ఉన్నది "ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్" అని. 2009 జనవరి 20న ఒబామా చేత ప్రమాణం చేయిస్తూ చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఆ ఫెయిత్‌ఫుల్లీని వాక్యం చివరికి తీసుకుపోయారు, ఒబామా ఆగిపోయారు, ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్‌హౌస్‌లో మళ్ళీ ప్రమాణం చేయించారు.

అక్కడ అర్థమేమీ మారలేదు. నాట్ వచ్చినప్పుడు మాత్రం మారిపోతుంది, నువ్వు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. జీడి పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ కూలి గురించి "ది ఓనర్ విల్ నాట్ సింప్లీ పే" అని రాశావు. చదివేవాడికి ఏమనిపిస్తుంది? ఓనరు డబ్బిచ్చి ఊరుకోడు, ఇంకా ఏదో చేస్తాడు అని. నువ్వు చెప్పాలనుకున్నది "విల్ సింప్లీ నాట్ పే", అంటే ఇవ్వడు గాక ఇవ్వడు. నాట్‌కి ఏ పక్కన పెట్టావన్నదాన్ని బట్టి ఓనరు మనిషే మారిపోయాడు. అలాగే, తోట మళ్ళీ ఎప్పటికి కాస్తుందని నువ్వు అడిగితే ముసలమ్మ "సరిగ్గా చెప్పలేను బాబూ" అంది కదా. దాన్ని "ఐ రియల్లీ కాంట్ సే" అని పెట్టావు, దాంతో ఆవిడ నీ ప్రశ్నకి తలుపు వేసేసినట్టు వినిపిస్తోంది. "ఐ కాంట్ రియల్లీ సే" అను, ఆవిడ గొంతులో ఉన్న ఆ తటపటాయింపు అందులో ఉంటుంది. ఇంకొకటి, ప్రాబబ్లీ మాత్రం వోంట్‌కి (విల్ నాట్‌కి పొట్టిరూపం) ముందే రావాలి: "దే ప్రాబబ్లీ వోంట్ కమ్". "వోంట్ ప్రాబబ్లీ" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

కుడ్ హావ్ బీన్, షుడ్ హావ్ బీన్ లాంటి పొడుగు వరసలు చూసి టెన్షన్ పడకు. అడ్వెర్బ్ దేని గురించి మాట్లాడుతోందో చూసుకో, దాని పక్కకే వెళ్తుంది. నష్టం తగ్గించడానికి వీలుండేది అని చెప్పేటప్పుడు ఈజీలీ కుడ్ పక్కన: "ది లాస్ కుడ్ ఈజీలీ హావ్ బీన్ రెడ్యూస్డ్". ఈజీలీ హావ్ తర్వాత వచ్చినా తప్పు కాదు, నా చెవికి మొదటిదే బాగుంటుంది. నష్టపరిహారం జాబితా ఎలా పరిశీలించాలి అన్నది నీ మాటైతే కేర్‌ఫుల్లీ చెక్డ్‌ని ఆనుకునే ఉంటుంది: "ది లిస్ట్ షుడ్ హావ్ బీన్ కేర్‌ఫుల్లీ చెక్డ్". క్రియకీ కర్మకీ మధ్య మాత్రం దూర్చకు, "షుడ్ చెక్ కేర్‌ఫుల్లీ ది లిస్ట్" కుదరదు. డైలీ, వీక్లీ లాంటివి ఈ లెక్కలోకి రావు, వాటిని చివరికే పంపు.

ఇక "మస్ట్ డెఫినెట్లీ" అని చాలాచోట్ల కనిపించింది. మస్ట్‌లోనే ఆ గట్టితనం ఉంది కాబట్టి డెఫినెట్లీ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించకుండా అన్నిచోట్లా కొట్టెయ్యి. ముసలమ్మ మాట ముందు సరిచేసి, మిగతావి ఒక్కో పేరా చూసుకుంటూ మళ్ళీ పంపు.